బర్మా సరిహద్దు ప్రభుత్వముల కాగితపు ద్రవ్యము - దాని సంగ్రహణము

దేశచరిత్రకు శిలాశాసనములు, తామ్రశాసనములు, లోహపు నాణెములు ముఖ్యాధారములన్న విషయము పండితులెల్లరు నెఱిగినదే. ఈ మూటి సరసన కాగితపు ద్రవ్యమునకు మనవారింకను తగిన పీఠము వేయలేదు. రాగిరేకు వేయేండ్లు నేలలో బడియున్నను అక్షరములు చెడవు. కాగితమో, పది వానకాలములు పెట్టె యడుగున నుండెనేని చెదల పాలగును. కావున నాలస్యమునకు తాళలేని యాధారము కాగితమే. అందును ఒకటి రెండేండ్లు, మూడేండ్లు మాత్రము నిలిచి యంతరించిన ప్రభుత్వముల కాగితములు మఱింత తొందర గోరునవి. ఆ ప్రభుత్వములకు శాసనస్తంభములు లేవు, గుడులు లేవు, వంశావళులు లేవు. వానిని గూర్చి పలుకగల సాక్షులలో నీ చిన్న చీటి యొకటి.

ఇట్టి ప్రభుత్వములు మూడు 1942 మొదలు 1945 వఱకు బర్మాదేశమున నొకదాని నీడలో నొకటి వెలసెను. జపాను సైనిక ప్రభుత్వ మొకటి, బామా అధిపతిగా నేర్పడిన బర్మా రాజ్యము రెండవది, నేతాజీ సుభాసచంద్ర బోసు స్థాపించిన ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వము మూడవది. ఈ మూటి కాగితములు తెనుగువారి చేతులలో మెలగినవి. కావున వాని విచారము పరదేశచరిత్ర గాక మన చరిత్రలోని యొక ప్రకరణమే యగుచున్నది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల ఉపాధ్యాయులును, గ్రంథాలయములవారును ఈ సంగ్రహణమున నేమి చేయదగునో నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

నోటు - శాసనము

నోటును చదువుటకు క్రొత్త శాస్త్రమేదియు నక్కఱ లేదు. తామ్రశాసనమును చదువు పద్ధతియే చాలును. శాసనమున దాత, ప్రతిగ్రహీత, దేయవస్తువు, దేశము, కాలము, లాంఛనము, కడపట శాపోక్తి యుండును. నోటునందును నీ యంగములన్నియు గలవు. వాగ్దానము చేయు ప్రభుత్వమో బ్యాంకో దాత. దానిని చేతబట్టినవాడు ప్రతిగ్రహీత. వ్రాసిన మొత్తము దేయము. చెల్లుబడి యగు మండలము దేశము. తూర్పుచాళుక్యుల రేకులకు వరాహలాంఛన మెట్టిదో బర్మా నోట్లకు నెమలి యట్టిది. భూమి నపహరించిన వానికి అఱువదివేల యేండ్లు పురుగై పుట్టుట శిక్ష యని శాసనము బెదరించును. కూటలేఖకునకు చెఱసాల శిక్ష యని నోటు వెనుకనున్న చట్టము బెదరించును.

భేద మొక్కటి గలదు. శాసనము చెప్పిన దానము భూమి రూపమున నెదుట నున్నది. రాజు పోయినను భూమి పోదు. నోటు చెప్పిన దానము మాట రూపమున మాత్రమే యున్నది. మాట యిచ్చినవాడు తొలగినంతనే యది వట్టి కాగితము.

మాటకు విలువ యెట్లు గలుగునో తెలియుటకు బాపట్లకు దక్షిణమున సముద్రతీరమునందున్న మోటుపల్లి శాసనము కంటె మంచి యుదాహరణము లేదు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున ఆ రేవున నభయశాసనము నిలిపెను. పూర్వరాజులు తుపానులో చిక్కి తీరమున బడిన యోడల సరకును బలవంతముగ గైకొనెడివారనియు, తాము నియతమగు సుంకము దక్క వేఱు దేనిని గొనమనియు అందు చెప్పబడినది. నూఱేండ్లు దాటిన పిమ్మట 1358లో రెడ్డిరాజగు అనపోతారెడ్డి యచ్చటనే మఱల వర్తకులకు అట్టి మాట నిచ్చెను. మొదటి మాట యిచ్చిన వంశము నశించుటచేతనే రెండవ మాట కావలసివచ్చినది. ప్రభుత్వము మాఱినపుడెల్ల పాతమాట యేమగునన్న ప్రశ్న వర్తకునకు, కూలివానికి, ఋణదాతకు తప్పదు. బర్మా నోట్ల చరిత్ర యంతయు ఈ ప్రశ్నయొక్క చరిత్రయే.

ప్రపంచమున నిట్టి సంఘటనలు పెక్కు గలవు. ఉత్తర అమెరికా యందు 1836లో వెలసి 1845లో సంయుక్తరాష్ట్రములలో గలసిపోయిన టెక్సాసు గణరాజ్యము ఎఱ్ఱని వెనుకభాగము గల నోట్లను వెలువరించెను. అవి కొలది కాలముననే ముఖవిలువలో స్వల్పాంశమునకు దిగజాఱినవి. నేడు వానిని సంగ్రాహకులు వెదకి కొనుచున్నారు. నిలువని ప్రభుత్వపు నోటు బ్రతికియున్నపుడు చౌక, చచ్చిన పిదప ప్రియము. ఈ విపర్యాసమును సంగ్రాహకుడు వేడుకగా జూచును. చరిత్రకారుడు మాత్రము ఆ చౌకదనమున నెవ్వరు నష్టపోయిరని యడుగవలెను.

తెనుగువారు - బర్మా

బర్మాలో తెనుగువానికి 'కోరంగి' యని పేరు. గోదావరీ ముఖమునందలి కోరంగి రేవునుండి యోడలెక్కిపోయిన వారగుటచే నా పేరు వచ్చెను. తరువాత కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము వలసకు ద్వారములయ్యెను. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల వారే యందు విశేషము. 1931 జనగణన ప్రకారము బర్మాలోని భారతీయులు 10 లక్షలకు పైబడిరి. రంగూను నగరమున సగమునకు మించినవారు భారతీయులే. రేవులో బస్తాలు మోయుట, బియ్యపు మిల్లులలో పని, పడవ నడపుట, రిక్షా లాగుట తెనుగువారి వృత్తులు. మేస్త్రీ ముందుగా ఓడకూలి యిచ్చి తీసికొనిపోవును. కూలివాడు జీతములో నాఋణము తీర్చును. 1930 మే నెలలో తెనుగు రేవుకూలీలు సమ్మె చేసినపుడు ఓడల కంపెనీలు బర్మీయులను పనిలో బెట్టుకొనెను. సమ్మె ముగియగనే వారిని తొలగింపగా నగరమున ఘోరమగు కలహము చెలరేగెను. ఇంత శ్రమకు ప్రతిఫలముగా తెనుగుకూలీ చేతికి వచ్చినది నోటు. కావున నోటుపై నేమి వ్రాసియుండెనో తెలియుట యతని బ్రతుకును దెలియుటయే.

కాగితపు ద్రవ్యమును ప్రభుత్వాధీనము చేసిన చట్టము భారతదేశమున 1861లో పుట్టెను. ఆ కాలపు నోట్లు మండలముల వారీగా వెలువడెడివి. మదరాసు మండలమునకు లోబడిన ఉపమండలములలో కాకినాడ యొకటి. ఆ పేరు గల విక్టోరియా రాణి కాలపు నోటు దొరకుట నేడు మిక్కిలి యరుదు. తరువాతి నోట్ల వెనుక దేశభాషలలో వెల వ్రాయు నాచారము స్థిరపడెను. అందు తెనుగును గలదు. ఇంగ్లీషు రాని కూలివాడైనను పలక పట్టిన వాడైనచో తన సొమ్మెంతయో తన లిపిలో చదువుకొనగలిగెను.

1935 ఏప్రిలు 1వ తేదీన రిజర్వు బ్యాంకు ప్రారంభమయ్యెను. సరిగా రెండేండ్లకు, 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా భారతదేశమునుండి వేఱుపడెను. వేఱుపడినను బర్మాకును రిజర్వు బ్యాంకే ద్రవ్యాధికారి. క్రొత్త నోట్లు ముద్రితమగు వఱకు అయిదవ జార్జి చిత్రము గల భారతదేశపు నోట్లపై 'బర్మాలో మాత్రమే చెల్లును' అను నర్థము గల ఇంగ్లీషు మాటలు అదనముగా నచ్చొత్తిరి. ఈ యచ్చు గల నోట్లు సంగ్రాహకులకు ప్రీతిపాత్రములు. చరిత్రకారునకు అవి యింతకంటె నెక్కువ. నిన్నటి వఱకు ఒకే దేశమైన దానిని ఒక్క పంక్తి యక్షరములు రెండుగా జీల్చుట ఆ కాగితముపై కంటికి గనబడుచున్నది. మఱుసటి యేట ఆఱవ జార్జి చిత్రమును, నెమలియు గల ప్రత్యేకపు బర్మా నోట్లు వచ్చెను.

జపాను నోట్లు

1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుపై మొదటిసారి బాంబులు పడెను. 1942 మార్చి 8వ తేదీన జపాను సైన్యము నగరమును బ్రవేశించెను. ఈ రెండు తేదీల నడుమను, ఆ తరువాతి కొలది నెలలలోను నాలుగు లక్షలకు పైబడిన భారతీయులు బర్మాను విడిచిరని లెక్క. ఓడ దొరకిన వారు కొందఱే. తక్కినవారు అరకాను కొండల మీదుగ, మణిపురపు అడవుల మీదుగ కాలినడకను వచ్చిరి. త్రోవలో విషూచికి, చలిజ్వరమునకు, ఆకలికి వేలకొలది జనులు బలియైరి. వచ్చినవారి మూటలలో నున్నవి బ్రిటిషు కాలపు నోట్లు. అచ్చట చిక్కుకొనిన వారి చేతికి వచ్చినవి జపాను నోట్లు. పెట్టెలోని కాగితమును బట్టి ఆ కుటుంబము ఎప్పుడు బర్మా విడిచెనో యూహింపవచ్చునన్నమాట.

జపాను ప్రభుత్వము తాను జయించిన యొక్కొక్క దేశమునకు ఆ దేశపు ద్రవ్యము పేరనే సైనిక నోట్లను అచ్చొత్తెను. ఇంగ్లీషు 'బి' యక్షరము బర్మాకు, 'ఎం' మలయాకు, 'పి' ఫిలిప్పీను దీవులకు గుఱుతు. బర్మాకై 1, 5, 10 సెంట్లును, పావు, అర, 1, 5, 10 రూపాయలును మొదట వచ్చెను. 1944లో నూఱురూపాయల నోటు తోడయ్యెను. ముఖమున 'జపాను ప్రభుత్వము' అను ఇంగ్లీషు మాటలును, జపాను ముద్రయు గలవు. తెనుగు మాట యొక్కటియు లేదు. ఈ నోట్లకు బంగారముగాని వెండిగాని వెనుకబలముగా లేదు. సైన్యమునకు గావలసినంత యచ్చొత్తుటే నియమము. అందుచే వెలలు పెరిగెను, నోటు తరిగెను. చిన్న నోట్లనుండి నూఱురూపాయల నోటు దాక వచ్చిన క్రమమే ఆ పతనమునకు సాక్ష్యము.

1943 ఆగస్టు 1వ తేదీన జపానువారు బర్మాకు స్వాతంత్ర్యము ప్రకటించిరి. బామా రాజ్యాధిపతి యయ్యెను. ఆ రాజ్యపు బ్యాంకు 1944లో క్యాట్ అను పేర బర్మా భాషలో నెమలి గుఱుతు గల నోట్లను వెలువరించెను. 1945 నాటి నూఱు క్యాట్ల నోటుపై బామా చిత్రము గలదు. దేశపు లిపి, దేశపు లాంఛనము, దేశాధిపతి మూర్తి, ఈ మూడును గల యా నోటు స్వతంత్రరాజ్య లక్షణముల నన్నిటిని బూనినది. లేనిది ఆయుస్సు మాత్రమే.

ఆజాద్ హింద్ బ్యాంకు

నేతాజీ 1943 అక్టోబరు 21వ తేదీన సింగపూరునందు తాత్కాలిక ప్రభుత్వమును ప్రకటించెను. 1944 జనవరిలో దాని ముఖ్యస్థానము రంగూనునకు మాఱెను. మార్చి నెలలో సైన్యము మణిపురపు సరిహద్దు దాటెను. ఏప్రిలు 14వ తేదీన మోయిరాంగున త్రివర్ణపతాక మెగసెను. ఈ రెండు ఘట్టముల నడుమ, ఏప్రిలు 5వ తేదీన, రంగూనులో ఆజాద్ హింద్ బ్యాంకు తెఱువబడెను. ఈ తేదీని పాఠకులు గమనింపవలెను. సైన్యము ముందుకు సాగుచుండగా, వెనుక నగరమున బ్యాంకు పుట్టినది. ప్రభుత్వమనిపించుకొనుటకు సేన యెంత యవసరమో కోశమును అంత యవసరమని నేతాజీ యెఱుగును. మన రాజనీతిలోని సప్తాంగములలో కోశమును దండమును ప్రక్కప్రక్కనే చెప్పబడినవి గదా.

ఈ కోశము ప్రవాస భారతీయుల విరాళములతో నిండెను. రంగూను వర్తకుడగు అబ్దుల్ హబీబ్ యూసఫ్ మర్ఫానీ 1944 జులైలో తన సర్వస్వమును సమర్పించెను. అట్టి ధనికుల పేర్లు గ్రంథములలో నున్నవి. కూలీలు, చిల్లర వర్తకులు, స్త్రీలు మెడలోని నగలను ఇచ్చి రసీదు గొనిపోయిన సంగతి గ్రంథములలో నొక్క వాక్యమున ముగియును. వారి పేర్లు ఆ రసీదులమీదనే యుండెను. సంగ్రాహకులు ఈ రసీదులను నోట్లకంటె తక్కువగా జూచుట పొరబాటని నా యభిప్రాయము. రేపల్లె ప్రక్కనున్న భట్టిప్రోలు స్తూపములో 1892లో దొరకిన ధాతుకరండములపై కుబీరకుడను రాజు పేరుతో బాటు దాతల, గోష్ఠివారల పేర్లు చెక్కబడియున్నవి. రాజు పేరొక్కటియే యుండినచో ఆ లేఖకు నేటి గౌరవము సగమైనను కలుగకుండెడిది. దాతల పేర్లే యప్పటి సంఘమును మనకెఱిగించినవి. రంగూను రసీదు అట్టిదే.

ఇక నోట్లను గూర్చి. ఆజాద్ హింద్ ప్రభుత్వపు నోట్లని చెప్పబడు కాగితములు విపణిలో దిరుగుచున్నవి. పెక్కింటికి ఒక్క ప్రక్కనే యచ్చుండును; నేతాజీ చిత్రమో, భారతదేశ పటమో, 'జై హింద్' అను మాటయో యుండును. వానిలో లక్షరూపాయల మొత్తము వ్రాసినవియు గలవు. వీనిపై రెండు మతములు గలవు. ఇవి విమోచన మొందిన భారతభూమిలో చెల్లుటకై సిద్ధపఱచిన నోట్లని కొందఱందురు. ఇవి విరాళము లిచ్చినవారి కొసగిన గౌరవపత్రములు గాని చెలామణికై యుద్దేశించిన నోట్లు కావని మఱికొందఱందురు.

రెండవ మతమే యుక్తియుక్తముగ దోచుచున్నది. కారణములు మూడు. మొదటిది: రంగూను విపణిలో నిత్యవ్యవహార మంతయు జపాను నోట్లతో జరిగెను, ఆజాద్ హింద్ బ్యాంకును వానినే స్వీకరించి వానితోనే చెల్లింపులు చేసెను. రెండవది: లక్షరూపాయల నోటు విపణిలో చిల్లర మాఱునది కాదు, అది దానమును దెలుపు మొత్తమేగాని కొనుగోలుకు దగిన మొత్తము గాదు. మూడవది: చేతులు మాఱిన నోటు నలుగును, మడత పడును, చెమటచే నల్లబడును, ఈ కాగితములలో ననేకములు పెట్టెలో దాచిన పత్రములవలె నున్నవి. దీనిచే వానికి గౌరవము తగ్గదు. చెల్లని నోటనుటకంటె చెల్లించిన త్యాగమునకు సాక్షిపత్రమనుటయే యెక్కువ గౌరవము. కాని పేరు సరిగా బెట్టవలెను. జర్మనీలో 1943లో అచ్చొత్తిన ఆజాద్ హింద్ తపాలాబిళ్ళలును ఇట్టివే. అవి యొక్క యుత్తరమునైనను మోసికొనిపోలేదు. అయినను నకిలీలు గావు. సంకల్పము వేఱు, వ్యవహారము వేఱు.

వ్యవహారము లేకున్నను సంకల్పమునకు ఫలము గల్గుననుటకు 1945 నవంబరులో ఢిల్లీ ఎఱ్ఱకోటలో ప్రారంభమైన విచారణ నిదర్శనము. షానవాజ్ ఖాను, సహగల్, ధిల్లాను అను ముగ్గురు సైన్యాధికారులపై రాజద్రోహ నేరము మోపబడినపుడు వారి పక్షమున భూలాభాయి దేశాయి వాదించెను. ఆ ప్రభుత్వమునకు మంత్రులు, సేన, బ్యాంకు గలవనియు, అన్యరాజ్యములు దానిని గుర్తించెననియు, కావున దాని సైనికులు ద్రోహులు గాక యుద్ధము చేసిన పక్షపువారనియు వాదము. బ్యాంకు సంచాలకులలో నొకడు సాక్ష్య మిచ్చెను. బ్యాంకు చిట్టా, రసీదు ముగ్గురు మనుజుల ప్రాణమానములకు ఆధారములై నిలిచిన సందర్భమిది. కాగితమును తేలికగా జూడరాదనుటకు ఇంతకంటె నేమి కావలెను?

చెల్లని దినము

1945 ఏప్రిలు 24వ తేదీన నేతాజీ రంగూను విడిచెను. మే మొదటి వారమున బ్రిటిషు సైన్యము ప్రవేశించి బ్యాంకును వశపఱచుకొనెను. జపాను నోట్లకు విలువ లేదని తేలిపోయెను. భారతదేశపు నోట్లపై 'బర్మా సైనిక పరిపాలన' యను నర్థము గల ఎఱ్ఱని యచ్చు వేసి క్రొత్తగా చెలామణి చేసిరి. ఆ నోట్ల వెనుక తెనుగు వెల మఱల గనబడెను. మూడేండ్ల కూలి యొకచేత, క్రొత్త నోటు నొకటియు లేని చేయి మఱియొకటి. అప్పటి రేవుకూలీ స్థితి యిది. ధనవంతుడు జపాను నోటు పతనము గనిపెట్టి బంగారముగనో సరకుగనో మార్చుకొనగలడు. దినకూలికి ఆ యవకాశము లేదు. జపాను కాగితములతో తీర్చిన ఋణము తీఱినట్లా, తీఱనట్లా యని యుద్ధానంతరము రంగూను న్యాయస్థానములు సైతము విచారింపవలసి వచ్చెను. ఋణదాతయు ఋణస్థుడును చదువుకున్నవారైనచో కోర్టుకెక్కిరి. కూలీ పోగొట్టుకొన్నదానికి వ్యాజ్యము లేదు, తీర్పు లేదు; ఉన్నచో ఆ నోట్లకట్ట యుండును.

రిజర్వు బ్యాంకునకు బర్మాతో సంబంధము 1947లో తీఱెను. 1964 మే నెలలో నెవిన్ ప్రభుత్వము 50, 100 క్యాట్ల నోట్లను రద్దు చేసినపుడు మఱల నదే కథ జరిగెను. అంతకు రెండు నెలల పూర్వమే దుకాణములు జాతీయము చేయబడెను. రిక్తహస్తములతో తిరిగి వచ్చిన తెనుగువారి పేర నేటికిని విశాఖపట్టణమున బర్మా క్యాంపు గలదు. ఒకే జాతి జనులు ఇరువదియేండ్లలో రెండుమారులు కాగితముచే మోసపోవుట మన చరిత్రగ్రంథములలో నొక పుటకైనను నోచుకొనకపోవుట న్యాయము గాదు.

ఈ ప్రాంతమున చేయదగిన పని

తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాలనుండి బర్మాకు బోయినవారు ఉత్తరపు మండలములతో పోల్చిన స్వల్పమే. అయినను ఈ ప్రాంతమునకును ఆ చరిత్రతో సంబంధము లేకపోలేదు. యుద్ధమునకు పూర్వము భారతదేశము ఏటేట పది లక్షల టన్నులకు మించి బర్మా బియ్యము దెప్పించుకొనెడిది. 1942లో అది నిలిచిపోగా కృష్ణా డెల్టా ధాన్యముపై భారము పడెను. ఆ యేడు ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముపై, కాకినాడపై జపాను బాంబులు పడి తీరమంతయు బెదరినది. ఆగస్టు 12వ తేదీన తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలియైరి. వారి స్మారకమే నేటి రణరంగ చౌకు. అదే నెలలో రంగూనున జపాను నోటు చెల్లుచుండెను. సరిహద్దు ఆవలి ప్రభుత్వపు వార్తలు రేడియో మూలమున రహస్యముగ వినబడిన కాలమది. కావున ఇక్కడి పాత పెట్టెలలో బర్మా కాగితము గనబడినచో వింత లేదు; గనబడనిచో వెదకలేదని యర్థము.

వెదకువారికి కొన్ని నియమములు చెప్పుచున్నాను.

మొదటిది, నోటుకంటె ముందు దాని కథను వ్రాసికొనవలెను. ఎవరి యింట నుండెను, ఎవరు తెచ్చిరి, ఏ యేట, ఏ త్రోవను, ఏ పనికి కూలిగా వచ్చెను అను నైదు ప్రశ్నలకు ఇంటి పెద్దలచే సమాధానము చెప్పించి, తేదీతో వ్రాసి, నోటుతో కలిపి యుంచవలెను. కథ తెలిసిన చిరిగిన జపాను రూపాయి, కథ తెలియని మెఱయు నోటు కంటె చరిత్రకు వేయిరెట్లు మేలు. జపాను నోట్లు లక్షలుగా నచ్చయినవి గనుక విపణిలో వానికి వెల స్వల్పమే. వాని నిజమైన వెల యీ యైదు సమాధానములలో నున్నది.

రెండవది, పరీక్ష. 1937, 1945 నాటి యదనపు టచ్చు గల నోట్లు సాధారణపు నోట్లకంటె ప్రియము. అందుచే సాధారణపు నోటుపై తరువాత నెవరైన నక్షరములు ముద్రించి యమ్ముట సులభము. అచ్చు సిరా కాగితపు నారలో నింకినదో పైన దేలుచున్నదో భూతద్దముతో జూడవలెను. మడత గీత అచ్చును విఱుచుచున్నదో, అచ్చే మడత మీదుగ బోవుచున్నదో గమనింపవలెను. అచ్చు మడత మీదుగ జెదరక సాగినచో అది మడతకు తరువాతిది. నోటు వరుససంఖ్యను ప్రమాణపట్టికలతో పోల్చవలెను. సూదిరంధ్రములు దోషములు గావు. బ్యాంకులు కట్టలను గుచ్చుట యాచారము. ఆజాద్ హింద్ పేరుగల కాగితమును మాత్రము వంశక్రమ సాక్ష్యము లేనిదే నిశ్చయింపరాదు. నేతాజీ యందలి భక్తి గొప్పది. ఆ భక్తిని సొమ్ము చేసికొనువారును గలరు.

మూడవది, రక్షణము. సముద్రపు గాలి తేమ గలది. కాగితమునకు జిగురు పట్టీలు అంటింపరాదు. వేడిచేసి ప్లాస్టిక్ పొరలో బిగింపరాదు. చిఱుగును అతుకుటకంటె చిఱుగుగనే యుంచుట మేలు. ఇస్తిరి పెట్టరాదు, కడుగరాదు. ఆమ్లము లేని కాగితపు మడతలో, వెలుతురు తగులని చోట, నేలకు ఎత్తుగా నుంచవలెను. రెండు ప్రక్కలను ఛాయాచిత్రము తీసి వేఱొక చోట దాచవలెను.

నాలుగవది, స్వామ్యము. ఇంటివారి యనుమతి లేక యేదియు గైకొనరాదు. వారు నోటు నీయనిచో ఛాయాచిత్రమును, కథయు చాలును. నోటు వారి యింటనే యుండుట యొకవిధముగ మేలే; అది వారి తాత కూలి.

1945లో తమ చేతనున్న కట్ట చెల్లదని విన్నవారు ఆనాటికి బాలురైనను నేటికి ఎనుబదియేండ్లు దాటినవారు. వారి తరువాత కాగితము మిగులవచ్చును గాని దాని కథ మిగులదు. ఎత్తైన మోటుపల్లి స్తంభమునకు సంరక్షకులు గలరు. భట్టిప్రోలు కరండములకు ప్రదర్శనశాల గలదు. ఈ చీటీలకు బడిపంతులే సంరక్షకుడు. ప్రతి పాఠశాలయు ఈ యేడాది విద్యార్థులచే తమ తమ యిండ్లలోని పాత నోట్లను, రసీదులను, ఓడ టికెట్లను, బర్మానుండి వచ్చిన యుత్తరములను లెక్కవ్రాయించి యొక్క పట్టిక సిద్ధము చేసినచో, మూడు తాలూకాల పట్టికలు గలిసి తెనుగువారి బర్మా చరిత్రకు తొలి మూలగ్రంథమగును. ప్రభుత్వములు తమ మాట నిలుపుకొనలేకపోయెను. ఆ మాటను నమ్మిన వారి పేర్లనైనను నిలుపుట మన చేతిలోని పని.